జపాన్ టీవీ సీరియల్‌లో స్వలింగ ప్రేమ, స్నేహం, కుటుంబ ఒత్తిడి: ‘నిన్న ఏం తిన్నావు?’

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ‘నిన్న ఏం తిన్నావు?’ అనే జపాన్ సీరియల్ కథను, దాని సామాజిక నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
• కుటుంబ ఒత్తిడి ఏయే రూపాల్లో పనిచేస్తుందో గుర్తించగలుగుతారు.
• చట్టం గుర్తించని జంటకు ఎదురయ్యే ఇబ్బందులను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• కుటుంబం ‘ఒప్పుకోవడం’, ‘చోటివ్వడం’ అనే రెండింటి మధ్య తేడాను విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

మన ఇళ్లకు ఎవరైనా వస్తే ‘భోంచేశారా?’ అని అడుగుతాం. ఆ ప్రశ్నలో తిండి ఒక్కటే లేదు. ‘మీ బాగోగులు మాకు పట్టింపే’ అన్న మాట కూడా ఉంది. జపాన్ భాషలో ‘కినో నాని తబెతా?’ అంటే ‘నిన్న ఏం తిన్నావు?’ అని అర్థం. ఈ పేరుతోనే 2019 ఏప్రిల్ నుంచి జూన్ వరకు టీవీ టోక్యో ఛానల్‌లో 12 భాగాల సీరియల్ ఒకటి ప్రసారమైంది. నడివయసులో ఉన్న ఇద్దరు మగవాళ్లు ఒకే ఇంట్లో జంటగా బతకడం దాని కథ.

ఇందులో హత్యలు లేవు, పారిపోవడాలు లేవు, తలుపు మూసి కొడుకును వెళ్లగొట్టే తండ్రి లేడు. తల్లిదండ్రులు కొడుకును ప్రేమిస్తారు. అయినా కుటుంబ ఒత్తిడి మొదటి భాగం నుంచీ కనిపిస్తూనే ఉంటుంది. తిట్టు, దెబ్బ లేకుండా ఒత్తిడి ఎలా పనిచేస్తుంది? ‘నువ్వు ఎలా ఉన్నా మా బిడ్డవే’ అన్న తరువాత కూడా ఏం మిగిలిపోతుంది? ఈ రెండు ప్రశ్నలను మనసులో పెట్టుకుని పాఠం చదవండి.

2. పదాల గురించి

తెలుగు పత్రికల్లో ‘స్వలింగ సంపర్కం’ అనే మాట ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మాట ఇద్దరు మనుషుల మధ్య బంధాన్ని శరీరానికి మాత్రమే కుదిస్తుంది. కూరగాయల ధర చూసుకోవడం, జ్వరం వస్తే గంజి కాచి ఇవ్వడం, ముసలితనం గురించి బెంగపడడం వంటివి అందులో ఇమడవు. అందుకే ఈ పాఠంలో ‘స్వలింగ ప్రేమ’, ‘స్వలింగ జంట’ అనే పదాలను వాడుతున్నాం. మగవాణ్ని ప్రేమించే మగవాడిని సూచించడానికి వాడుకలో ఉన్న ‘గే’ అనే పదాన్నే తీసుకున్నాం.

3. నేపథ్యం

3.1 మూల రచన

సీరియల్‌కు మూలం యోషినాగ ఫుమి అనే రచయిత్రి గీసి రాసిన బొమ్మల కథ. జపాన్‌లో ఇటువంటి బొమ్మల కథలను ‘మాంగా’ అంటారు. 2007 నుంచి ఇది కొదాన్షా సంస్థ ప్రచురించే ‘మార్నింగ్’ పత్రికలో వస్తోంది. ఇది వయోజనులైన మగపాఠకుల కోసం నడిచే వారపత్రిక. మగవాళ్ల మధ్య ప్రేమను ఊహాలోకపు శృంగారంగా చూపే కథలకు జపాన్‌లో ప్రత్యేక పత్రికలున్నాయి. ఈ కథ అక్కడ కాకుండా, ఉద్యోగస్తులు చదివే సాధారణ పత్రికలో రావడం గమనించదగిన విషయం.

3.2 టీవీలో ముందు వచ్చినవి

జపాన్ టీవీకి ఈ అంశం కొత్త కాదు. 1993లో నిప్పన్ టీవీ ప్రసారం చేసిన ‘దోసోకాయ్’, అంటే ‘పూర్వ విద్యార్థుల సమ్మేళనం’, స్వలింగ ప్రేమను కథలోకి తెచ్చింది. 2018లో ఎన్‌హెచ్‌కే సంస్థ ‘తమ్ముడి భర్త’ అనే కథను, టీవీ అసాహి ‘ఒస్సాన్స్ లవ్’ అనే హాస్య సీరియల్‌ను ప్రసారం చేశాయి. మన సీరియల్ ఆ మరుసటి ఏడాది, శుక్రవారం అర్ధరాత్రి దాటాక వచ్చింది. దానికి 2020 జనవరి 1న ప్రత్యేక భాగం, 2021 నవంబరులో సినిమా, 2023 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండో సీజన్ వచ్చాయి.

3.3 చట్టం, సమాజం

ఆధునిక జపాన్‌లో, 1870ల్లో కొద్దికాలం తప్ప, మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాలేదు. కాబట్టి ఈ కథలోని పాత్రలకు పోలీసుల భయం లేదు. అయితే స్వలింగ జంటల వివాహాన్ని జపాన్ చట్టం గుర్తించడం లేదు. అంటే శిక్షా లేదు, గుర్తింపూ లేదు. కథంతా ఈ మధ్యస్థితిలోనే నడుస్తుంది.

ఈ స్థితి అర్థం కావడానికి రెండు జపనీస్ మాటలు తెలియాలి. మొదటిది ‘కొసెకి’. ఇది ప్రభుత్వం నిర్వహించే కుటుంబ నమోదు పత్రం. జననం, వివాహం, దత్తత, మరణం అన్నీ అందులో ఎక్కుతాయి. స్వలింగ జంట భార్యాభర్తల్లా అందులోకి ఎక్కలేదు. రెండోది ‘సెకెన్‌తెయ్’. దీనికి తెలుగులో ఒక్క మాట వెతకనక్కర్లేదు. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అని మనం అనుకుంటామే, అదే.

4. కథాసంగ్రహం

కకెయ్ షిరో టోక్యోలో ఒక చిన్న న్యాయవాద కార్యాలయంలో జీతానికి పనిచేసే లాయరు. యబుకి కెంజి క్షౌరశాలలో కేశాలంకరణ చేస్తాడు. ఇద్దరూ ఒక అపార్ట్‌మెంట్‌లో కలిసి ఉంటారు. షిరో పాత్రను నిషిజిమ హిదెతోషి, కెంజి పాత్రను ఉచినో సెయ్యో పోషించారు.

షిరో సాయంత్రం ఆఫీసు కాగానే నేరుగా సూపర్ మార్కెట్‌కు వెళ్తాడు. ఎక్కడ ఏది చవకో చూసి కొంటాడు. ఇద్దరి తిండి ఖర్చు నెలకు 25,000 యెన్లు దాటకూడదని అతని లెక్క. ఇంటికి వచ్చి వంట చేస్తాడు, ఇద్దరూ కూర్చుని తింటారు. ప్రతి భాగంలోనూ జరిగేది దాదాపు ఇంతే. ఈ పొదుపు పిసినారితనం కాదు. తమకు పిల్లలు ఉండరని, ముసలితనంలో తాము దాచుకున్నదే తమకు ఆధారమని షిరోకు తెలుసు. చిల్లర లెక్క వెనుక ఉన్నది భవిష్యత్తు గురించిన భయం.

ఇద్దరి స్వభావాలూ వేరు. కెంజి తాను గే అని పనిచేసే చోట చెప్పుకున్నాడు. షిరో చెప్పలేదు. ఆఫీసులో అందరి దృష్టిలో అతను పెళ్లి కాని అందగాడు. కెంజితో కలిసి కాఫీ హోటల్‌లో కూర్చోవాలన్నా చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారో అని అతనికి బెరుకు.

5. చెప్పుకునే హక్కు

మొదటి భాగంలోనే ఒక గొడవ జరుగుతుంది. తమ ఇంటి సంగతి, తన వృత్తి సంగతి కెంజి ఒక ఖాతాదారుకు చెప్పాడని షిరోకు తెలిసి కోపం వస్తుంది. కెంజి కన్నీళ్లతో అడిగేది ఒక్కటే: దుకాణం యజమాని తన భార్య గురించి, పిల్లల గురించి రోజూ ఖాతాదారులతో మాట్లాడుతుంటాడు. తనతో కలిసి ఉంటున్న మనిషి గురించి తాను మాత్రం ఎవరితోనూ ఎందుకు మాట్లాడకూడదు?

ఈ సన్నివేశాన్ని నిదానంగా ఆలోచించండి. ‘మా ఆయనకు పప్పులో ఉప్పు తగ్గితే ముద్ద దిగదు’, ‘మా ఆవిడ ఊరెళ్లింది’ వంటి మాటలు మనం రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్క ఉండదు. అవి మన వ్యక్తిగత జీవితాన్ని బయటపెడుతున్నాయని ఎవరూ అనుకోరు. అవే మాటలు కెంజి నోట వస్తే రహస్యం బయటపడినట్లు అవుతుంది. కాబట్టి దాచడం అంటే ఒక పెద్ద రహస్యాన్ని ఒకసారి దాచడం కాదు. రోజుకు వంద చిన్న మాటలను మింగుకోవడం.

అయితే సీరియల్ షిరోను తప్పుపట్టి వదిలేయదు. అతని భయానికి కారణాలున్నాయి. లాయరుకు కక్షిదారుల నమ్మకమే పెట్టుబడి. ఒకరి సంగతి బయటపడితే, ఆ ఇంట్లోనే ఉంటున్న రెండోవారి సంగతి కూడా వారి అనుమతి లేకుండానే బయటపడుతుంది. ఒకరి స్వేచ్ఛ మరొకరి భద్రతను తాకుతోంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఆ గొడవకు సులువైన తీర్పు లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
షిరో పొదుపుకు, అతని భవిష్యత్తు గురించిన భయానికి గల సంబంధాన్ని మూడు వాక్యాల్లో రాయండి.

6. స్నేహం: సగం పుచ్చకాయ

ఒకరోజు షిరో పుచ్చకాయ కొనాలనుకుంటాడు. కాయ మొత్తం కొంటే చవక, కానీ ఇద్దరికి ఎక్కువ. పక్కనే ఉన్న గృహిణి తొమినాగ కయోకోదీ అదే ఇబ్బంది. చెరి సగం పంచుకుందామని ఆమె అంటుంది. కోయడానికి ఆమె ఇంటికి వెళ్తారు. ముక్కూ మొహం తెలియని మగవాణ్ని ఇంట్లోకి రానిచ్చానే అని ఆమెకు హఠాత్తుగా భయం వేస్తుంది. ఆ భయం పోగొట్టడానికి, ఏళ్ల తరబడి ఆఫీసులో దాచిన మాటను షిరో అక్కడ గబుక్కున చెప్పేస్తాడు.

ఇది నవ్వు తెప్పించే సన్నివేశం. అయితే దీని తరువాత జరిగేది గమనించండి. కయోకో అతన్ని ప్రశ్నలతో వేధించదు, జాలిపడదు, మెచ్చుకోళ్లూ కురిపించదు. ఆమెకు అతను కూరగాయలు పంచుకోవడానికి, వంట సంగతులు మాట్లాడుకోవడానికి దొరికిన మంచి తోడు. అతను గే అన్న సంగతి ఆమెకు తెలుసు. ఆమె దృష్టిలో అది అతని గురించి తెలిసిన అనేక సంగతుల్లో ఒకటి. ఆమె కుటుంబం ద్వారానే కొహినాత అనే మరో గే వ్యక్తితో షిరోకు పరిచయమవుతుంది. కొహినాత, అతని భాగస్వామి వతారు వీళ్లకు మిత్రులవుతారు. తమవంటి మరో జంటతో కలిసి భోజనం చేయడం షిరో, కెంజిలకు కొత్త అనుభవం.

కన్నవాళ్ల దగ్గర దొరకని తేలికదనం ముక్కూ మొహం తెలియని పొరుగు మనిషి దగ్గర ఎందుకు దొరికింది? కయోకోకు షిరో భవిష్యత్తు మీద ఆశలు లేవు. అతని పెళ్లి గురించి ఆమె కలలు కనలేదు. అతనెలా బతికినా నలుగురిలో ఆమె సమాధానం చెప్పుకోవాల్సిన పని లేదు. తల్లిదండ్రులకు ఇవన్నీ ఉన్నాయి.

7. కుటుంబ ఒత్తిడి: మూడు మెట్లు

షిరో తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు. కొడుకు సంగతి వాళ్లకు ముందే తెలుసు. వాళ్ల ప్రవర్తనను మూడు మెట్లుగా విభజించి చూస్తే సీరియల్ చెప్పదలచుకున్నది స్పష్టమవుతుంది.

7.1 తెలుసుకోవడం

తల్లి పాత్రను కాజి మెయికో పోషించారు. కొడుకును అర్థం చేసుకోవాలని ఆమె చాలా ప్రయత్నిస్తుంది. దాచుకోవడం దేనికి, ధైర్యంగా చెప్పుకోమని అతనిపై ఒత్తిడి తెస్తుంది. అతను గే అయినా, నేరస్థుడైనా సరే, అంగీకరించడానికి తాము సిద్ధమేనంటుంది. ఆమె ఉద్దేశంలో అది ప్రేమ. కానీ ఆ మాటలో కొడుకు ప్రేమా, నేరమూ ఒకే వరుసలో నిలబడ్డాయి. క్షమించాల్సిన తప్పు ఉంటేనే ‘సరే, క్షమించాం’ అంటారు. ప్రేమతో అన్న మాట కూడా ఎలా గాయపరుస్తుందో చూపడానికి ఇది మంచి ఉదాహరణ.

7.2 ఓర్చుకోవడం

తండ్రికి క్యాన్సర్ శస్త్రచికిత్స జరుగుతుంది. తల్లిదండ్రులు ముసలివాళ్లవుతున్నారని, తాను ఒక్కగానొక్క కొడుకునని షిరోకు గట్టిగా తెలిసివచ్చే సందర్భమిది. ఇక్కడ ఒత్తిడి ఎవరి మాటలోనూ లేదు. వాళ్ల వయసులో, మనవల్ని చూడలేకపోవడంలో, ఇక ఆ ప్రస్తావన తేకుండా ఉండడంలో ఉంది. ఎవరూ నిందించని చోట ఎదురు చెప్పడానికి కూడా వీలుండదు. బాకీ అడగని అప్పులవాడిలా ఆ మౌనం షిరోను వెంటాడుతుంది.

7.3 చోటివ్వడం

జపాన్‌లో కొత్త సంవత్సరం ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే పండుగ. దూరాన ఉన్న పిల్లలు పుట్టింటికి చేరతారు. మొదటి సీజన్ చివరి భాగంలో షిరో కొత్త సంవత్సరానికి కెంజిని తన తల్లిదండ్రుల ఇంటికి తీసుకువెళ్తాడు. అందరూ మర్యాదగానే ఉంటారు. తిరిగి వచ్చేటప్పుడు కెంజి ఆనందం పట్టలేక, ప్రేమించిన మనిషి తల్లిదండ్రులతో కలిసి కూర్చునే రోజు వస్తుందనుకోలేదని, ఇక చచ్చిపోయినా ఫర్వాలేదని అంటాడు. చావు మాట ఎత్తవద్దని షిరో వారిస్తాడు. నూనె, తీపి తగ్గించి తిని ఇద్దరూ చాలాకాలం బతకాలన్నది అతని ధోరణి.

కథ అక్కడ ఆగితే శుభం కార్డు వేసినట్లే. కానీ 2021 సినిమా దాన్ని కొనసాగించింది. కెంజిని ఇకపై కొత్త సంవత్సరానికి తీసుకురావద్దని తల్లిదండ్రులు షిరోకు చెప్పారని అందులో తెలుస్తుంది. ఆ సందర్శన తరువాత తల్లి కుంగిపోయింది. ఈ మాట కెంజికి ఎలా చెప్పాలో తెలియక షిరో అతన్ని క్యోటో యాత్రకు తీసుకువెళ్లి అక్కడ చెబుతాడు. ఆ పైన, కొత్త సంవత్సరం కెంజితోనే గడుపుతానని నిర్ణయించుకుంటాడు.

ఈ మలుపులోనే సీరియల్ సారం ఉంది. తల్లి అబద్ధమాడలేదు. కొడుకును ఆమె నిజంగానే ఒప్పుకుంది. కొడుకు గే అన్న సంగతి ఫోనులో వినే మాటగా ఉన్నంతకాలం ఆమె దాన్ని మోయగలిగింది. ఆ సంగతి ఒక మనిషి రూపంలో వచ్చి తన ఇంట్లో కూర్చుని భోంచేసినప్పుడు మోయలేకపోయింది. బిడ్డను ఒప్పుకోవడం ఒక మెట్టు. బిడ్డ ఎంచుకున్న మనిషికి విస్తరి వేయడం అంతకంటే పై మెట్టు. మొదటిదానికి ఒక్క మాట సరిపోతుంది, రెండోదానికి ప్రతి ఏడాదీ మళ్లీ మనసు సిద్ధపడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
‘చెడ్డవాళ్లు లేని ఇంట్లో కూడా ఒత్తిడి ఉంటుంది.’ షిరో తల్లి పాత్ర ఆధారంగా చర్చించండి.

8. ప్రేమ, ఆస్తి, దత్తత

ఒక భాగంలో టెత్సు, యోషి అనే గే జంట లాయరుగా షిరో సలహా కోరుతుంది. టెత్సు కష్టపడి సంపాదించాడు. తన తదనంతరం ఆస్తి యోషికే చెందాలని, తనను కాదనుకున్న తల్లిదండ్రులకు చిల్లిగవ్వ కూడా పోకూడదని అతని కోరిక. అందుకు యోషిని దత్తత తీసుకోవాలనుకుంటాడు.

ప్రేమించిన మనిషిని దత్తత తీసుకోవడమేమిటని మీకు అనిపించవచ్చు. వీలునామా రాస్తే చాలదా? జపాన్ పౌరస్మృతి ప్రకారం చాలదు. ఒక మనిషికి భార్య గానీ, భర్త గానీ, పిల్లలు గానీ లేకపోతే తల్లిదండ్రులు వారసులవుతారు. వీలునామాలో ఆస్తి అంతా వేరొకరికి రాసినా, మూడో వంతు విలువను అడిగే హక్కు వాళ్లకు మిగిలే ఉంటుంది. ఉదాహరణకు ఆస్తి విలువ 3 కోట్ల యెన్లు అనుకోండి. భాగస్వామి పేరిట మొత్తం రాసినా, తల్లిదండ్రులు కోటి యెన్ల వరకు అడగవచ్చు. అదే సంతానం ఉంటే తల్లిదండ్రులు వారసుల వరుసలోకే రారు. దత్తపుత్రుడూ సంతానమే.

జపాన్‌లో పెద్దవాళ్లను దత్తత తీసుకోవడం పాత ఆచారమే. మగపిల్లలు లేని వ్యాపార కుటుంబాలు అల్లుణ్ని దత్తత తీసుకుని ఇంటిపేరు నిలుపుకునేవి. మన ఇల్లరికం అల్లుడిని తలచుకుంటే ఇది కొంత అర్థమవుతుంది, అయితే అక్కడ అల్లుడి ఇంటిపేరు కూడా మారుతుంది. దత్తతకు వచ్చేవాడు దత్తత తీసుకునేవాడికంటే ఒక్కరోజు చిన్నవాడైనా చట్టానికి చాలు. మన దేశంలో ఈ దారి లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, ఆచారం ఉన్నచోట తప్ప, 15 ఏళ్లు నిండినవారిని దత్తత తీసుకోవడానికి వీల్లేదు.

ఈ దారికి మూల్యం ఉంది. జంటగా బతికిన ఇద్దరు కాగితం మీద తండ్రీకొడుకులవుతారు. ఒకసారి ఆ బంధం ఏర్పడితే, దాన్ని రద్దు చేసుకున్నా ఆ ఇద్దరూ పెళ్లి చేసుకోవడాన్ని పౌరస్మృతి అనుమతించదు. రేపు స్వలింగ వివాహానికి చట్టం వచ్చినా ఈ అడ్డు వారికి ఎదురుకావచ్చు. కుటుంబంగా గుర్తింపు కావాలంటే, తమది కాని బంధం పేరు పెట్టుకోవాలి.

జపాన్‌లో మార్పు మెల్లగా వస్తోంది. 2015 నవంబరులో టోక్యోలోని షిబుయా, సెతగాయ ప్రాంతాలు స్వలింగ జంటలకు గుర్తింపు పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టాయి. 2022 నవంబరులో టోక్యో మహానగర ప్రభుత్వం కూడా ఈ పద్ధతి తెచ్చింది. ఇల్లు అద్దెకు తీసుకోవడం, ఆస్పత్రిలో చూడడం వంటివాటికి ఈ పత్రం పనికివస్తుంది, వారసత్వం మాత్రం ఇవ్వదు. వివాహ గుర్తింపు లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమని సప్పొరో జిల్లా కోర్టు 2021 మార్చి 17న తీర్పునిచ్చింది. సప్పొరో హైకోర్టు 2024 మార్చి 14న అదే మాట చెప్పింది. అయితే తీర్పుతో చట్టం దానంతటదే మారదు, పార్లమెంటు మార్చాలి.

మన దేశపు స్థితిని దీనితో పోల్చి చూడండి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో ఉన్న స్వలింగ సంబంధాన్ని నేర పరిధి నుంచి తొలగించింది. 2023 అక్టోబరు 17న, స్వలింగ వివాహానికి గుర్తింపునివ్వడం చట్టసభల పని అని చెప్పింది. శిక్ష తొలగి, గుర్తింపు రాని మధ్యస్థితి ఇప్పుడు మనకూ ఉంది.

9. కథనరీతి

ఈ సీరియల్‌లో వంట అలంకారం కాదు. ఉల్లిపాయ తరగడం, పులుసు మరగడం, పళ్లెంలో వడ్డించడం అన్నీ నిదానంగా, కొలతలతో సహా చూపిస్తారు. చూసేవాళ్లు ఇంటికి వెళ్లి వండుకోవచ్చు. దీనివల్ల రెండు ప్రయోజనాలు నెరవేరాయి. ఒకటి, స్వలింగ జంట జీవితమంటే పడకగది అనే అపోహను వంటగది పక్కకు నెట్టింది. రెండు, ఏ పత్రమూ గుర్తించని బంధానికి రోజూ రాత్రి భోజనం రుజువైంది. కొసెకిలో ఎక్కని కుటుంబం అన్నంగిన్నె దగ్గర కనిపిస్తుంది.

10. సారాంశం

‘నిన్న ఏం తిన్నావు?’ సీరియల్ స్వలింగ ప్రేమను నేరంగానో, విషాదంగానో, వింతగానో చూపలేదు. రోజువారీ జీవితంగా చూపింది. స్నేహం అంచనాలు లేనిచోట తేలిగ్గా కుదిరింది. కుటుంబ ఒత్తిడి మాటల్లో కంటే మౌనంలో, పండుగ పిలుపుల్లో, వారసత్వ నియమాల్లో ఎక్కువగా పనిచేసింది. ఒప్పుకోవడం ఒక్కసారి అనేసి ముగించే మాట కాదు. పండుగ పంక్తిలో ఎవరికి విస్తరి పడింది, ఎవరికి పడలేదు అన్నదే దానికి కొలత.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. షిరో తల్లిదండ్రుల ప్రవర్తనలోని మూడు మెట్లను సన్నివేశాల ఆధారంగా విశ్లేషించండి.
2. జపాన్‌లో స్వలింగ జంటలు దత్తతను ఎందుకు ఆశ్రయిస్తారు? దానివల్ల కలిగే లాభనష్టాలను చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కెంజి, షిరోల మధ్య మొదటి భాగంలో జరిగిన గొడవలో ఇద్దరి వాదనలనూ వివరించండి.
2. ‘సెకెన్‌తెయ్’ అంటే ఏమిటి? కథలో అది ఎక్కడెక్కడ కనిపిస్తుంది?
3. సగం పుచ్చకాయ సన్నివేశం స్నేహం గురించి ఏం చెబుతుంది?

III. కృత్యం
మీరు చూసిన ఏదైనా తెలుగు సీరియల్‌లో కానీ సినిమాలో కానీ, తల్లిదండ్రులు పిల్లల ఎంపికను నోటితో ఒప్పుకుని, పండుగకో శుభకార్యానికో పిలవని సన్నివేశం ఉందేమో గుర్తుచేసుకోండి. అక్కడ ఒప్పుకోవడానికీ చోటివ్వడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక పేజీలో రాయండి.